పద్నాలుగేళ్లకే ఆ పిల్ల చెయ్యి వదలకండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,



నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. ఏ సంఘం తరఫునా ఈ ఉత్తరం రాయడం లేదు. బకాయిల గురించో, పెన్షన్ గురించో కూడా కాదు. తొమ్మిదో, పదో చదువుతూ చదువుతూ హాజరుపట్టీలోంచి జారిపోయే ఆడపిల్లల గురించి రాస్తున్నాను. చదువంటే ఇష్టం లేక వాళ్లు మానలేదు. తెలివి లేకా మానలేదు. ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవలసిన వయసులోనే చట్టమూ ప్రభుత్వమూ వాళ్ల చెయ్యి వదిలేస్తున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

మూడు చట్టాలను పక్కపక్కన పెట్టి చూడండి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా, అంటే ఎనిమిదో తరగతి వరకు, ఉచిత నిర్బంధ విద్య హక్కని అది చెబుతుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దంటుంది. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండని వాళ్లకైతే ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధం. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం అమ్మాయికి పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయొద్దంటుంది.

మూడూ మంచి చట్టాలే. కానీ పద్నాలుగుకూ పద్దెనిమిదికీ నడుమ ఏం మిగిలింది? ఆ వయసు పిల్ల బడికి రాకపోతే చట్టప్రకారం అడగాల్సిన వారెవరూ లేరు. పొలానికి తీసుకుపోతే చాలావరకు తప్పు కాదు. పెళ్లి మాత్రం చేయకూడదు. బడి అందని, పని తప్పని, పెళ్లి కూడని ఆ నాలుగేళ్లు పేదింటి పిల్ల ఎక్కడ ఉండాలి? ఎవరి నీడన ఉండాలి? దీనికి జవాబు లేకపోవడం వల్లనే మూడో చట్టం ఓడిపోతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల వయసు స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు మన రాష్ట్రంలో 29.3 శాతం. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. అక్షరాస్యతలోనూ ఆదాయంలోనూ మనకన్నా వెనకబడ్డాయనుకునే రాష్ట్రాలు కొన్ని ఈ లెక్కలో మనకన్నా మెరుగ్గా ఉన్నాయి.

కారణం తెలియాలంటే మా పడమటి మండలాలకు రావాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం. తుంగభద్ర పక్కనే పారుతున్నా చాలా పొలాలు వాన కోసం మొగులు చూసేవే. పంట చేతికొచ్చినా రాకపోయినా, దసరా దాటాక జనం సుగ్గికి, అంటే వలస కూలికి, బయల్దేరతారు. ముందు పత్తి తీతలకు, సంక్రాంతి ముందూ వెనకా గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు కాబట్టి పోక తప్పదు. బియ్యం మూటలు, బొచ్చెలు, దుప్పట్లు, చంటిబిడ్డలతో సహా లారీలు ఎక్కుతారు. ఉగాది దాకా చేల గట్ల మీద పట్టాల గుడారాల్లో కాపురం. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, తాళాలు.

ఆ ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి ఉందనుకోండి. తల్లిదండ్రుల ముందు మూడు దారులుంటాయి. వెంట తీసుకుపోవడం, ముసలి అవ్వ దగ్గర వదిలి పోవడం, పెళ్లి చేసి పంపేయడం. ఎందుకిలా చేస్తారమ్మా అని నేను అడిగినప్పుడు ఒక తల్లి చెప్పిన మాట ఇది: "ఈడొచ్చిన పిల్లను ఒంటిగా ఇంటికాడ ఇడిసిపెట్టి ఎట్ల పోయేది మేడం? ఏమన్నా అయితే ఎవురు దిక్కు? ఎంబడి తోల్కపోతే నాలుగు దుడ్లన్నా వస్తాయి. పెండ్లి చేస్తే మాకు బరువన్నా దిగుతాది." ఆమెకు కూతురు చదువంటే పగ కాదు. నోటు పుస్తకాలకు అట్టలు వేసి పంపిన తల్లి ఆమే. ఆమె భయం నిజమైనది. ఆ భయానికి ప్రభుత్వం దగ్గర జవాబు ఉండాలి. గోడల మీద నినాదాలు ఆ భయాన్ని తీర్చవు. తాళం, కాపలా, వార్డెన్, మూడు పూటలా అన్నం ఉన్న ఒక హాస్టల్ గది తీరుస్తుంది.

నా తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరమ్మాయిల సంగతి చెబుతాను. పేర్లు రాయను. ఇద్దరివీ కూలి కుటుంబాలే. మార్కులూ ఇంచుమించు ఒకటే. మొదటి అమ్మాయి అక్కకు చిన్న వయసులోనే పెళ్లయింది. కాన్పుకు ఆదోని ఆసుపత్రికి తీసుకుపోతే ఈ పిల్ల తోడు వెళ్లింది. ఒంట్లో రక్తం లేదన్నారట. బంధువులంతా గోడకానుకుని ఏడుస్తుంటే ఒక నర్సమ్మ మాత్రం బీపీ చూసి, చకచకా సూది వేసి, ఎవరెవరు ఏం చేయాలో చెప్పి, తెల్లారేదాకా మంచం పక్క నుంచి కదల్లేదు. తిరిగొచ్చిన నాలుగో రోజు ఈ అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "నర్సు కావాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాల మేడం?" అని అడిగింది. బైపీసీ అన్నాను. అప్పటినుంచి గుండె బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటే ఆ పిల్ల పుస్తకంలో గీత చెదరలేదు. నాలుగు గదులు, గుండెకు వచ్చే రక్తనాళాలు, గుండె నుంచి పోయే రక్తనాళాలు, బాణం గుర్తులతో సహా. ఆ బొమ్మ చూసి రెండో అమ్మాయి కూడా తానూ నర్సే అవుతానంది.

ఆ ఏడాది ఇద్దరి ఇళ్లవాళ్లూ సుగ్గికి పోయారు. హాస్టల్ వసతి ఉన్న కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఎవరో మానేస్తే ఒక సీటు ఖాళీ అయింది. అది మొదటి పిల్లకు దొరికింది. రెండో పిల్లకు దొరకలేదు. ఆమె తల్లిదండ్రుల వెంట మిరప చేలకు పోయింది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మిరప కోతలు ముమ్మరంగా సాగేదీ అప్పుడే. నామినల్ రోల్స్‌లో పేరుంది, హాల్ టికెట్ వచ్చింది, ఆఫీసు బీరువాలో కూర్చుంది. మేస్త్రీ ఫోన్ నంబరు సంపాదించి మేము పదేపదే ఫోన్ చేస్తే, పరీక్షలకు కొద్ది రోజుల ముందు మేనమామ తీసుకొచ్చి దింపాడు. కాయలు తెంపి తెంపి ఆ పిల్ల వేళ్లు మండుతున్నాయి. పెన్ను పట్టుకుంటే చుర్రుమంటోందని చేతులు నీళ్లలో ముంచుకుని వచ్చి పరీక్ష రాసింది. లెక్కల్లో తప్పింది. మిగతా అన్నీ పాసైంది.

లెక్కల్లో తప్పిన పిల్లకు సప్లిమెంటరీ ఉంటుందని మీరంటారు. ఉంటుంది. కానీ ఆ క్యాలెండర్ ఒకసారి చూడండి. ఏప్రిల్ చివర్లో ఫలితాలు, మేలో సప్లిమెంటరీ. వైశాఖ జ్యేష్ఠాల్లో ముహూర్తాలు. సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఇంట్లో చేతిలో డబ్బులుండేదీ ఆ రోజుల్లోనే. "ఫెయిలైంది కదా, ఇంకేం చదువుతుంది" అనే మాట ఇంట్లోకి వచ్చిందంటే ఆ పిల్లకు పట్టుమని నెల గడువుండదు. ఆమెకు కావలసింది ఆ నెల రోజులు లెక్కలు చెప్పేవాళ్లు, ఇంటి గడప దాటి వచ్చి "పెళ్లి ఆపండి, ఇది ఒక్క సబ్జెక్టే" అని చెప్పే అధికారి. ఎండాకాలం సెలవుల్లో బడికి తాళం. మాకు తెలిసేసరికి ఆ పిల్ల మెట్టినింట్లో ఉంది.

మొదటి అమ్మాయి కస్తూర్బాలోనే బైపీసీ చదివి ఇప్పుడు నర్సింగ్ చేస్తోంది. పట్టుదలతో పేదరికాన్ని జయించిందని అందరూ ఆమెను మెచ్చుకుంటారు. పట్టుదల నిజమే. కానీ ఇద్దరి పట్టుదలా నేను చూశాను. ఇద్దరి మధ్య తేడా హాస్టల్లో ఒక మంచం. ఇంకేమీ లేదు.

మనం గర్వంగా చెప్పుకునే పేర్లు తీసుకున్నా ఇదే కనబడుతుంది. నిజామాబాద్ జిల్లా పాకాల తండాలో కూలి చేసుకునే గిరిజన కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. రాష్ట్రం విడిపోవడానికి వారం ముందు మాట అది. అంటే ఆ విజయం మనందరి ఉమ్మడి గురుకులాలది. ఆమె చదివింది తాడ్వాయి గురుకులంలో. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్పించి, డార్జిలింగ్‌కూ లడఖ్‌కూ పంపి, నెలల తరబడి శిక్షణ ఇప్పించింది గురుకులాల సంస్థ. 2022 జూన్‌లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కడం ఆమె పూర్తి చేసింది. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లో ఆసియా విజేత అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో పరుగెత్తిన మొదటి భారతీయురాలు ఆమె. అంతకు చాలా ముందే, 2016లో, హైదరాబాద్‌లోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ఆమెకు చోటు దొరికింది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి చిన్నప్పుడు ఊళ్లోవాళ్ల హేళన పడింది. ఒక కోచ్ ఆమె పరుగు చూసి హైదరాబాద్ రప్పించాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆమె 400 మీటర్ల కాంస్యం గెలిచింది.

ముగ్గురికీ దక్కిన సన్మానాలకు వాళ్లు పూర్తిగా అర్హులు. కానీ గెలిచాక వేసే దండకన్నా, గెలుస్తుందో లేదో తెలియని రోజుల్లో దొరికిన చోటే వాళ్లను నిలబెట్టింది. శిఖరం ఎక్కని, పతకం తేని, నర్సో టీచరో బ్యాంకు క్లర్కో అవుదామనుకునే మామూలు అమ్మాయికి కూడా ఆ చోటు కావాలి. రాష్ట్రానికి అలాంటి అమ్మాయిలే వేల సంఖ్యలో ఉన్నారు. వాళ్ల కోరికలు చిన్నవి కావు. ఇంట్లో మొదటిసారి ఒక ఆడపిల్ల నెల జీతం తెస్తే ఆ ఇంటి రెండు తరాల రాత మారుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. తల్లికి వందనం కింద ఇంటర్ దాకా పిల్లలకు డబ్బు ఇస్తున్నారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనతతో ఉన్న రాష్ట్రంలో అది చదువుకే కాదు, ఒంటికీ మేలు. 2025 ఆగస్టు 15 నుంచి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. 2004లో పుట్టిన కస్తూర్బా విద్యాలయాలు మన రాష్ట్రంలో మూడువందల యాభైకి పైగా ఉన్నాయి. మొదట ఎనిమిదో తరగతి వరకే ఉన్న వాటిని 2018 తర్వాత ఇంటర్ దాకా పెంచుకునే వీలు వచ్చింది. ఇవన్నీ మంచి మెట్లే. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న ఖాళీలోనే మా పిల్లలు పడిపోతున్నారు. టికెట్ లేకపోవడం సంతోషమే, కాలేజీ వేళకు ఊరికి బస్సే రాకపోతే ఆ పిల్లకు దానివల్ల ఒరిగేది లేదు. ఇంటర్ సీటు ఉంది, ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ లేడు. 2022-23లో ఉన్నత పాఠశాలల్లోనే ఆడపిల్లలకు ఇంటర్ పెడుతూ హైస్కూల్ ప్లస్ తెచ్చారు. ఊరి పక్కనే చదువు కాబట్టి ఆలోచన సరైనదే, బోధించేవాళ్లు చాలక చాలాచోట్ల చతికిలబడింది. ఆధార్‌లో పేరు ఒకలా, టీసీలో ఒకలా ఉందని కుల ధ్రువపత్రం ఆగిపోతుంది. ఆ పత్రం లేక హాస్టల్ సీటు పోతుంది. ఆ తర్వాత డిగ్రీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు పట్టుకు కూర్చుంటారు. పట్నం పిల్లకు ఇవి చికాకులు. మా పిల్లకు ఒక్కొక్కటీ చదువు మాన్పించే కారణం.

అందుకని నా విన్నపాలు అయిదు.

ఒకటి. వలస మండలాల్లో, తల్లిదండ్రులు సుగ్గికి పోయినప్పుడు పిల్లలుండే సీజనల్ హాస్టళ్లను లారీలు కదలకముందే తెరవండి. తల్లిదండ్రులు అడ్వాన్సు తీసుకుని, మూటలు కట్టుకున్నాక ఉత్తర్వులు వస్తే లాభం లేదు. దసరా సెలవుల నాటికి ఏ ఊళ్లో ఏ హాస్టల్, వార్డెన్ ఎవరు, ఎన్ని మంచాలు అన్నది గ్రామసభలో చెప్పాలి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లలకు అందులో మొదటి చోటు ఇవ్వండి. రాత్రిళ్లు మహిళా వార్డెన్ తప్పకుండా ఉండాలి. బిడ్డను అక్కడ వదిలి ధైర్యంగా బండెక్కగలనని తల్లికి అనిపించాలి.

రెండు. పదో తరగతి ఫలితాలకూ ఇంటర్ చేరికకూ మధ్య ఉన్న రోజుల్లో ప్రతి అమ్మాయి పేరుకూ ఒక బాధ్యుణ్ని పెట్టండి. ఎవరు చేరారు, ఎవరు చేరలేదు, ఎందుకు చేరలేదు. ఈ పట్టిక మండల విద్యాధికారి దగ్గర వారం వారం మారుతూ ఉండాలి. తప్పిన పిల్లలకు మే నెలలో హాస్టల్ వసతితో తరగతులు పెట్టండి. బాల్యవివాహాలను ఆపడానికి ఇంతకన్నా చవకైన మార్గం నాకు కనబడలేదు.

మూడు. ప్రతి మండలంలో ఆడపిల్లలకు నడిచో, ఒక్క బస్సెక్కో చేరగలిగినంత దూరంలో ఇంటర్ ఉండాలి. సైన్సు గ్రూపులు, లెక్చరర్లు, ప్రాక్టికల్స్ చేసే ల్యాబ్ ఉండాలి. దూరం సంగతి తేలికగా తీసుకోవద్దు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ ఆ పథకాన్ని పరిశీలిస్తే ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని తేలింది. బడి దూరమైన ఊళ్లలోనే ఆ లాభం ఎక్కువ కనబడింది. సైకిల్ ఆ పిల్లల తెలివిని పెంచలేదు. దారిని తగ్గించింది. ఆర్టీసీ డిపో మేనేజరూ, కాలేజీ ప్రిన్సిపాలూ ఒక బల్ల దగ్గర కూర్చుని బస్సు వేళలు రాసుకున్నా చాలా ఊళ్లకు ఆ మేలు జరుగుతుంది.

నాలుగు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా చదువుతూ, పెళ్లి కాకుండా ఉన్న పేదింటి అమ్మాయి పేరు మీదే డబ్బు ఇవ్వండి. పశ్చిమ బెంగాల్లో 2013 నుంచి కన్యాశ్రీ పథకం కింద అలాంటి అమ్మాయి ఖాతాలో 25,000 రూపాయలు వేస్తున్నారు. మన దగ్గర పెళ్లికి సాయం చేసే పథకాలు వచ్చాయి. పెళ్లిని వాయిదా వేసుకుని చదువుకునే పిల్లకూ అంత గౌరవం దక్కాలి. చేతిలో తన పేరిట పాసుపుస్తకం ఉన్న అమ్మాయి మాట ఇంట్లో చెల్లుతుంది.

అయిదు. సర్టిఫికెట్ల సమస్య సచివాలయంలో కాదు, బడిలోనే తీరాలి. తొమ్మిదో తరగతిలోనే ఆధార్, కుల, ఆదాయ పత్రాలు సరిచూసి పదో తరగతి మెమోతో పాటు చేతికివ్వండి. ఫీజు బకాయిల కోసం ఏ కాలేజీ కూడా విద్యార్థిని సర్టిఫికెట్లు ఆపకుండా చూడండి. అది ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య లెక్క. దాన్ని పిల్ల మెడకు చుట్టకూడదు.

వీటికి ఖర్చవుతుంది. కాదనను. కానీ ఆ ఖర్చు పెట్టకపోయినా మనం కడుతూనే ఉన్నాం. పదహారేళ్లకే తల్లయిన పిల్లకు రక్తం ఎక్కించడానికి కడుతున్నాం. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు కడుతున్నాం. మళ్లీ ఆ బిడ్డ బడి మానేసి సుగ్గికి పోతే, వచ్చే తరానికీ కడతాం. ఒక అమ్మాయిని నాలుగేళ్లు హాస్టల్లో ఉంచి చదివించడం వీటన్నిటికన్నా చవక.

విద్యాహక్కును పద్దెనిమిదేళ్ల వరకూ పెంచమని కేంద్రాన్ని అడగడం కూడా మీ చేతిలో ఉంది. మన శాసనసభ తీర్మానం చేసి పంపితే దేశంలో ఆ మాట ముందుగా అన్న రాష్ట్రాల్లో మనం ఉంటాం. కేంద్రం ఎప్పుడు కదులుతుందో చూస్తూ కూర్చోనక్కర్లేదు. రాష్ట్రమే ఆ బాధ్యత తీసుకుంటే అడ్డు చెప్పేవారెవరూ ఉండరు.

మంత్రిగారూ, ఈ ఏడాది దసరా తర్వాత ఒక రోజు కోసిగి రండి. సభ పెట్టొద్దు. సుగ్గికి సిద్ధమవుతున్న నాలుగిళ్లకు వెళ్లి, పదో తరగతి అమ్మాయి ఎక్కడ ఉండబోతోందని తల్లిని అడగండి. ఆమె చెప్పిన జవాబును బట్టి సీజనల్ హాస్టళ్ల ఉత్తర్వు మీద అక్కడే సంతకం పెట్టండి. ఆ అమ్మాయి లెక్కలు నేర్చుకోగలదు, గుండె బొమ్మ గీయగలదు, నర్సు కాగలదు. అందుకు కావలసిన కష్టమంతా తానే పడుతుంది. పడడానికి చోటు చూపించడం ప్రభుత్వం పని. ఈ సుగ్గి మొదలయ్యేలోగా ఆ పని చేయండి.

ఇట్లు,
పడమటి కర్నూలు పిల్లలకు పాఠాలు చెప్పిన ఒక జీవశాస్త్రం టీచర్